‘ఉన్నాను’ బటన్

ఆఫీసులో అందరూ ఆమెని బిల్డు మేడమ్ అంటారు. వెనకాల ఇంకేదో అంటారని ఆమెకి తెలుసు, పట్టించుకోదు. ఆదివారం పొద్దున పది గంటలకి ఆమె కార్డు చూపించి లోపలికి వస్తుంటే వాచ్‌మన్ పేపరు మడిచి, ఇవాళ కూడానా మేడమ్, మీ మిషన్లకి సెలవివ్వరా అన్నాడు. వాటికి మొగుడా, పిల్లలా, సెలవెందుకయ్యా అందామె. ఆమెకీ లేరు. ఆ మాట అతను అనలేదు. అనే వ్యవధి ఆమె ఇవ్వలేదు.

వాళ్ల కంపెనీ చేసేది ఒకే ఒక్క మొబైల్ యాప్. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ల కోసం. రోజూ పొద్దున అది “ఉన్నారా?” అని అడుగుతుంది. కింద రెండు బటన్లు. పచ్చ బటన్ మీద “ఉన్నాను” అని, ఎర్ర బటన్ మీద “సాయం కావాలి” అని ఉంటుంది. ఎర్రది నొక్కినా, పదింటిదాకా ఏదీ నొక్కకపోయినా, దగ్గరివాళ్ల ఫోనుకి కబురు వెళ్తుంది. మొదట్లో పెద్దవాళ్లు పచ్చది నొక్కి, వేలు జారి ఎర్రది కూడా నొక్కి ఇంటిల్లిపాదినీ హడలగొట్టేవారు. అందుకని, పచ్చది ఒకసారి పడితే ఆ రోజుకి ఇంకేదీ తీసుకోకుండా కట్టడి పెట్టారు. పెట్టమన్నది ఆమే.

యాప్‌లో ఏ మార్పు చేసినా పొద్దున్నే ఆరింటికి మిషను తనంతట తానే ఆ ప్రోగ్రాము ముక్కలన్నీ కూర్చి కొత్త యాప్ తయారుచేస్తుంది. అదే బిల్డు. తయారయ్యాక దాన్ని ఇరవై నాలుగు ఫోన్లలోకి ఎక్కించి, మనిషి నొక్కినట్టే బటన్లు నొక్కి చూస్తుంది. ఆ పరీక్షకి ఉత్తుత్తి నంబరు ఒకటి కావాలి. ఆరు నెలల కిందట, పని తొందరలో, ఆమె తన అక్క నంబరు పెట్టింది. రెండ్రోజుల్లో మార్చేద్దామనుకుంది.

అక్క ఆమెకంటే ఎనిమిదేళ్లు పెద్ద. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి మానేసింది, ఊరికి ఆ చివర మేడ మీది వాటాలో ఒక్కతే ఉండేది. యాప్ పెట్టిన రోజున నవ్వింది.

“బతికున్నానా అని నన్ను నీ మిషను అడగడమేమిటే? నువ్వు ఫోను చేసి అడిగితే నోరు అరిగిపోతుందా?”

ఫోను చెయ్యాల్సిన అవసరం రాలేదు. రోజూ పొద్దున ఆరుంబావుకల్లా అక్క పేరు పక్కన పచ్చ చుక్క వచ్చేది. పచ్చగానే ఉందిగా, ఆదివారం మాట్లాడదాంలే అనుకునేది ఆమె.

మూడు వారాల కిందట ఒక సోమవారం అక్క స్నానాలగదిలో జారిపడింది. గురువారం మధ్యాహ్నం కింది వాటావాళ్లు మెట్ల మీదికి నీళ్లు కారుతుంటే చూసి తలుపు పగలగొట్టించారు. ఫోను అక్క చేతి కిందే ఉంది, తెర పగిలి, యాప్‌లో ఆ బటన్ల మేర తప్ప ఇంకెక్కడ నొక్కినా పలకడం లేదు. ప్రాణం బుధవారం రాత్రి పోయిందన్నాడు డాక్టరు. ఆ నాలుగు రోజులూ ఆమె ఫోనులోనూ, అక్క కూతురి ఫోనులోనూ చుక్క పచ్చగానే ఉంది.

అక్క కూతురు కోర్టులో స్టెనో. అక్షరం తప్పు పోనివ్వదు. పదకొండో రోజున వంటింటి గుమ్మంలో నిలబడి మెల్లిగా అడిగింది.

“పిన్నీ, బుధవారం పోయిన మనిషి గురువారం పొద్దున ఉన్నాను అని ఎలా నొక్కింది?”

రికార్డు చూపిస్తామని కంపెనీవాళ్లు ఆ పిల్లకి మాటిచ్చారు. సోమవారం వస్తుంది. అంటే రేపు. అక్క పోయాక, ఆమెని పిన్నీ అని పిలిచేది, పండక్కో పబ్బానికో కాకుండా ఊరికే ఫోను చేసేది ఆ పిల్లొక్కతే. రేపు ఆ రికార్డు చూస్తే, ఇక పిలవదు.

ఫోన్ల గదికి కిటికీల్లేవు. పట్టపగలైనా దీపం వెయ్యకపోతే కళ్లు పొడుచుకున్నా కనబడదు. అరల్లో ఇరవై నాలుగు ఫోన్లు, వరసకి ఆరు. ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆమె దీపం వేసి, మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని ముందు అక్క నంబరు తీసేసింది, ఉత్తుత్తి నంబరు పెట్టింది, బిల్డు మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు పడుతుంది. ఈలోగా పాత రికార్డు తెరిచింది.

సోమవారం, ఆరు గంటల పది నిమిషాలు. ఉన్నాను. ఒత్తిడి సున్నా. తెర మీద వేలు ఎంత గట్టిగా ఆనిందో ఫోను రాసుకుంటుంది. మిషను నొక్కితే సున్నా, ఎందుకంటే దానికి వేలు లేదు. అక్క పేరున రోజూ పచ్చది నొక్కింది మిషనే. ఇది ఆమె ఎదురుచూసిందే.

దాని కింద ఉన్నవి ఆమె ఎదురుచూడలేదు.

సోమవారం, ఆరు యాభై. సాయం కావాలి. తీసుకోబడలేదు.

ఆరు యాభై ఒకటి. సాయం కావాలి. తీసుకోబడలేదు.

ఆరు యాభై రెండు…

కిందికి జరిపింది. ఇంకా కిందికి. సోమవారం, మంగళవారం, బుధవారం. మొత్తం అరవై మూడు. ప్రతిదాని పక్కనా ఒత్తిడి ఉంది. పోను పోను తగ్గుతూ వచ్చింది. చివరిది బుధవారం రాత్రి తొమ్మిదింటికి, ఈగ వాలినంత.

 ఆమె అరవై మూడింటినీ ఎంచుకుంది. చెరిపేయమంటారా అని మిషను అడిగింది. చెయ్యి ఆగింది… నొక్కింది.

గదిలో సబ్బు వాసన వచ్చింది. తడిసిన గచ్చు వాసన కూడా. ఏసీ నీళ్లేమో అనుకుంది. తల ఎత్తి చూస్తే ఏసీ పొడిగా ఉంది.

బిల్డు పూర్తయింది. ఫోన్లు ఒకటొకటే వెలిగాయి. “ఉన్నారా?” “ఉన్నారా?” ఎవరి వేలూ లేకుండా బటన్లు నొక్కుకుంటున్నాయి. ఒకటి, రెండు, పది, ఇరవై. పచ్చ, పచ్చ, పచ్చ. రోజూ చూసేదే.

ఇరవై మూడు పచ్చబడ్డాయి. అట్టడుగు వరసలో చివరిది పచ్చబడలేదు. దాని మీద అక్క పేరుంది.

పావుగంట కిందటేగా తీసేసింది. ఆమె వంగి చూసింది. అక్క పేరు, కింద రెండు బటన్లు. చూస్తుండగానే ఎర్ర బటన్ లోపలికి నొక్కుకుంది.

వదిలింది. మళ్లీ నొక్కుకుంది.

వెనక్కి తిరిగి కంప్యూటరు చూసింది. కొత్త వరసలు పడుతున్నాయి. ఒత్తిడి సున్నా కాదు… సున్నా కాదు… సున్నా కాదు.

“అక్కా,” అంది. “నేను చూడలేదే. నిజంగా చూడలేదు.”

బటన్ ఆగింది. వింటున్నట్టు ఆగింది.

“రేపు ఆ పిల్లకి ఏం చెప్పను? నువ్వే చెప్పు.”

ఇరవై నాలుగు ఫోన్లూ, కంప్యూటరూ, గదిలో దీపమూ ఒక్కసారి ఆరిపోయాయి. చీకట్లో, చాలా దగ్గరగా, గచ్చు మీద అరచెయ్యి ఈడ్చిన చప్పుడు.

ఆమె ఎలా బయటపడిందో ఆమెకే తెలీదు. వరండాలో ఎండ నిండుగా ఉంది. వాచ్‌మన్ పేపరు చదువుకుంటున్నాడు. ఊపిరి తీసుకునేలోపు చేతిలో ఫోను మోగింది. అక్క కూతురు.

రికార్డు సంగతి ముందు అడిగింది ఆ పిల్ల. పాతవన్నీ వాటంతటవే చెరిగిపోతాయమ్మా, రేపు వచ్చినా ఏమీ కనబడదు, నీకు దారి ఖర్చు దండగ అందామె. మాట తడబడలేదు.  పోనీలే పిన్నీ, ఇంక తవ్వుకుని ఏం లాభం అంది పిల్ల. తర్వాత ఇంకో మాట ఎత్తింది. అమ్మ విషయంలో అయింది చాలు, ఇకనుంచి నీ కబురు నాకు రావాలని, పదకొండో రోజునే నీ ఫోను యాప్‌లో నీ పేరు కూడా చేర్చి నా నంబరు ఎక్కించాను కదా అంది.

“అది సరేగానీ, నువ్వేంటి పిన్నీ, రేపటిదీ ఎల్లుండిదీ ఇవాళే నొక్కేశావు? గురువారం దాకా పచ్చ చుక్కలు వచ్చేశాయి నాకు. అలా ముందుగా కూడా నొక్కొచ్చా?”

నొక్కడానికి వీల్లేదు. ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. పచ్చది పడిన రోజున ఎర్రది ఎన్నిసార్లు నొక్కినా ఎవరికీ చేరదనీ తెలుసు. నేను నొక్కలేదమ్మా అని చెప్పాలి. అలా చెబితే, మరెవరు నొక్కారని అడుగుతుంది. అప్పుడు మొదట్నుంచీ చెప్పాలి.

“పిన్నీ? ఉన్నావా?”

“ఉన్నాను,” అందామె. “నేనే నొక్కానులే. ఊరికే, పరీక్ష కోసం.”

ఫోను పెట్టేశాక యాప్ తెరిచింది. సోమ, మంగళ, బుధ, గురు. నాలుగూ పచ్చగా ఉన్నాయి. గురువారం చుక్క మీద వేలిముద్రంత తడి మరక. చీర కొంగుతో తుడిచింది. పోలేదు. గోటితో గీకింది. గోరు గాజు మీద జారింది.

మరక అద్దానికి లోపలి వైపున ఉంది.