వాగు పక్క కూపు దారి

పాలకొల్లు ఉదయభాస్కర్ పెళ్ళిచూపుల్లో హేమశ్రీని ఒక్క మాటా అడగలేకపోయాడు. కాఫీ బాగుందండి అన్నాడు. ఇచ్చింది టీ.

మర్నాడే తణుకు నుంచి ఆ పిల్ల కబురు పంపింది. మారేడుమిల్లిలో పిన్నిగారున్నారు, ఒక పూట అడవిలో నడుద్దాం, సాయంత్రం జవాబు చెబుతాను అని. పెద్దవాళ్ళు గొణిగి గొణిగి ఒప్పుకున్నారు.

ఫాల్గుణ మాసం. మోదుగలు విరగబూసి ఉన్నాయి. కలప లారీల కోసం ఎప్పుడో వేసిన కూపు రోడ్డు అది. లారీలు మానేశాక గడ్డి మొలిచి, ఎండుటాకులు పరుచుకుని మెత్తగా ఉంది. కాపలాకి వచ్చిన పిన్ని శ్యామలాంబ ఫర్లాంగు నడిచి, మోకాళ్ళు పట్టుకుని ఓ మోడు మీద కూలబడింది. నేనిక్కడే ఉంటా, మీరు వెళ్ళి రండి అంది.

ఇద్దరే మిగిలారు. భాస్కర్ గుండె రైసుమిల్లులా కొట్టుకుంది.

కొంత దూరం పోయాక దారి చీలింది. ఒకటి గుట్టెక్కింది. ఒకటి వాగు పక్కకి దిగింది. ఎటు వెళ్దామండి అని అడిగింది హేమశ్రీ. తెలీదంటే పరువేం కాను? వాగు పక్కకే తిరిగాడు. నీళ్ళ గట్టున పోతే ఊరు తగలకపోదని, అక్కడ సోడా తాగుదామని ధీమాగా చెప్పాడు. వాళ్ళ వైపు ఏ కాలవ గట్టు పట్టినా ఊరే మరి.

ఆ పిల్ల సరేనంది. నడుస్తుంటే అతనికి నోరు పెగిలింది. చేపల చెరువు గురించి, పాములంటే భయం గురించి చెప్పాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూస్తూ ఎండుటాకుల మీద జారాడు. అందుకు మళ్ళీ నవ్వింది.

ఉన్నట్టుండి దారి అయిపోయింది. ఊరు లేదు, సోడా లేదు. పుచ్చిన దుంగలు రెండు, చుట్టూ నరికిన మోళ్ళు. చెట్లు కొట్టిన చోటిదాకానే వేసిన దారి అది.

భాస్కర్ మొహం వాడిపోయింది. సంబంధం పోయిందనుకున్నాడు. ఇక దాచలేక నిజం చెప్పేశాడు.

"నాకీ దారి తెలీదండి. తెలీదంటే మీరు వద్దంటారేమోనని భయమేసింది."

హేమశ్రీ దుంగ మీద కూర్చుని చెప్పుల్లో మట్టి దులుపుకుంది.

"నాకు తెలుసండి. సెలవులకి ఏటా వస్తాను. పైదారిన పావుగంటలో ఊరొచ్చేస్తుంది."

"మరి చెప్పలేదేంటండి?"

"పావుగంట చాలదనిపించింది."

అతనికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అయ్యాక చెవులు ఎర్రబడ్డాయి.

"జవాబు సాయంత్రం అన్నారు కదండి."

"అది మావాళ్ళకి," అని ఆమె చెయ్యి చాపింది. "లేవదీయండి."

లేవదీశాడు. లేచాక వదలమని ఆమె అనలేదు. అతను వదల్లేదు.