ఇన్‌స్టాల్ పేజీకి తాళం

సర్వర్లు చూసుకునే మనిషి మెట్ల మీద నుంచి జారిపడి చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు. నిఘా విభాగం చీఫ్ ఆ మాట నమ్మలేదు.

"పోయేముందు నాకు ఫోన్ చేశాడు. 'ఇన్‌స్టాల్ పేజీ' అన్నాడు. అంతే, లైన్ కట్."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుకు ఆ పేజీ తెలుసు. ఆసుపత్రుల్లో రోగికి మందు ఎక్కించే పంపులను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వేయాలో చెప్పే పేజీ అది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కాబట్టి ఎవరైనా కోడ్ రాయవచ్చు, ఎవరైనా వికీ దిద్దవచ్చు. జీతాలు లేవు. చనిపోయిన మనిషి చూసుకున్నదీ ఈ ప్రాజెక్టు సర్వర్లనే. ఆరు నెలల కిందట వాక్యాలు సరిచేసే వాలంటీరు వేషంలో అతను అందులో చేరాడు. అక్కడ అతన్ని అందరూ కామా అంటారు.

"రేపు పన్నెండింటికి కొత్త వెర్షన్ రిలీజ్," అన్నాడు చీఫ్. "ఆ నిమిషం నుంచి వెబ్‌సైట్ ఫ్రీజ్. వారం దాకా ఎవరూ వేలు పెట్టలేరు. ఆసుపత్రుల టెక్నీషియన్లు ఆ పేజీలో ఉన్న కమాండ్‌ను కాపీ చేసి పంపుల్లో వేస్తారు. అందులో డౌన్‌లోడ్ అడ్రస్ మారిందనుకో?"

"పంపులు అవతలి దేశం చేతికి పోతాయి."

"మన పేషెంట్ల నరాల్లోకి వాళ్ళొస్తారు. ముందే మారిస్తే ఎవరో ఒకరు చూసి వెనక్కి తిప్పేస్తారు. కాబట్టి చివరి నిమిషంలోనే మారుస్తారు."

"ఎవరు?"

"పాతవాళ్ళలో ఒకరు. నీ దిద్దుబాట్లు రివ్యూకి వెళ్తాయి. వాళ్ళవి నేరుగా పేజీలోకెక్కుతాయి. మన మనిషి ఒకరు కూడా లోపలున్నారు. 'గొడుగు తెచ్చావా' అంటారు. 'చిల్లులది తెచ్చాను' అను. ఇంకెవర్నీ నమ్మకు. వికీ చూసే ఆ పిన్నిని కూడా."

చీఫ్ ఒక వాచీ ఇచ్చాడు. ఇంకెవరు ఆ పేజీ దిద్దబోయినా అది మణికట్టు మీద వణుకుతుంది. పక్కనున్న మీట నొక్కితే చీఫ్ మనుషులు వస్తారు.

రిలీజ్ కోసం వాలంటీర్లందరూ ఒక అద్దె హాల్లో చేరారు. బల్లలు, లాప్‌టాప్‌లు, నేల మీద వైర్లు. వికీ బాధ్యత చూసే పిన్ని రిటైరైన నర్సు. వయసుతో పని లేకుండా అందరికీ ఆమె పిన్నే. ఆమెవి రెండు రూల్స్. దిద్దడానికి తెరిచిన పేజీని వదిలి వెళ్ళకూడదు, ఎందుకంటే ఒకరు తెరిస్తే ఇంకొకరికి తాళం పడుతుంది. ఏం మార్చినా కారణం రాయాలి. మొదటి రూలు తప్పి కామా మూడుసార్లు తిట్లు తిన్నాడు.

ఈసారి కావాలనే తప్పాడు. పదకొండున్నరకు ఇన్‌స్టాల్ పేజీ తెరిచి, దిద్దే బటన్ నొక్కి కూర్చున్నాడు. తాళం వదలమని ఎవరు అడిగితే వాళ్ళే దొంగ.

పన్నెండు దగ్గర పడుతుండగా వాచీ వణికింది. మళ్ళీ వణికింది.

నెమలి వచ్చింది. ఆ పేరు ఆమె పట్టు స్కార్ఫుల వల్ల వచ్చింది. సదస్సుల్లో ప్రాజెక్టు తరఫున మాట్లాడేది ఆమే. పిన్నికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు కూతురిలా పక్కనున్నదీ ఆమే. నల్ల కళ్ళద్దాలు తీసి వంగింది.

"గొడుగు తెచ్చావా?"

కామాకు ఊపిరాడింది. "చిల్లులది తెచ్చాను."

"అడ్రస్ మార్చేశారు. పేజీ వదులు, నేను సరిచేస్తాను."

అతని వేలు మౌస్ మీదికి వెళ్ళి ఆగింది. అరగంటగా పేజీ అతని కళ్ళ ముందే ఉంది. అక్షరం అక్షరం చదివాడు. అడ్రస్ మారలేదు.

"ఏ లైను?"

"ఇప్పుడా ప్రశ్నలు?" ఆమె నవ్వుతూనే గొంతు పెంచింది. "పిన్నీ! మీ కామా మళ్ళీ పేజీ పట్టుకు కూర్చున్నాడు. తాళం తీయండి!"

కామా మీట నొక్కాడు. పిన్ని తన లాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని వచ్చింది. ఏ తాళమైనా తీయగలిగేది ఆమె ఒక్కతే.

"నీకెన్నిసార్లు చెప్పాలిరా? చెవులున్నాయా, అద్దెకిచ్చావా?"

చీఫ్ మాట గుర్తొచ్చింది. పిన్ని కూడా వాళ్ళ మనిషే అయితే ఏం చెప్పినా ఒకటే. కాకపోతే?

"పిన్నీ, మీ రూలే అడుగుతున్నా. ముందు కారణం రాయించండి."

"అదీ నిజమే." పిన్ని లాప్‌టాప్‌ను నెమలి ముందు పెట్టింది. "రాయమ్మా, తీస్తా."

నెమలి 'చిన్న సవరణ' అని కొట్టింది.

"చిన్న సవరణేమిటి? డాక్టరు చీటీ మీద 'ఏదో మాత్ర' అని రాస్తే నేనిచ్చేదాన్నా? ఏ లైను, ఏ మాట, ఎందుకు?"

"నన్నా అడుగుతున్నారు, పిన్నీ?"

"నా కూతురైనా అడుగుతా. రాయి."

నెమలి వేళ్ళు కీబోర్డు మీద ఆడాయి. తప్పు పడింది. చెరిపింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఇంతలో తెర మీద పేజీ బూడిద రంగుకు తిరిగింది. ఫ్రీజ్.

కాఫీ యంత్రం బాగుచేస్తామంటూ వచ్చిన చీఫ్ మనుషులిద్దరు ఆమెకు చెరో పక్కన నిలబడ్డారు. నెమలి కళ్ళద్దాలు పెట్టుకుంది.

"మోకాలి మందు మరిచిపోకండి, పిన్నీ," అని నడిచింది.

పిన్ని కుర్చీలో కూలబడింది. కామా అంతా చెప్పాడు: చీఫ్ లోపల పెట్టిన మనిషే నెమలి, అవతలి దేశానికి అమ్ముడుపోయింది. సర్వర్లు చూసుకునే మనిషి ఈ కుట్ర పసిగట్టినందుకే చనిపోయాడని కూడా చెప్పాడు. ఆమె తలుపు వైపు చూసింది.

"నా మంచం పక్కన నేల మీద పడుకుందిరా. అదీ నటనేనా?"

కామా మణికట్టు నుంచి వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"నువ్వూ కామాలు పెట్టడానికి రాలేదన్నమాట."

"కామాలు మాత్రం నిజమే, పిన్నీ."

ఆమె లాప్‌టాప్ మూసి చంకన పెట్టుకుని లేచింది.

ఫ్రీజ్ ముగిశాక చీఫ్ ఆర్డర్ ఇచ్చాడు. సైట్లో ఏజెంటు ఆనవాలు ఉండకూడదు. కామా వాలంటీర్ల పేజీ తెరిచి తన పేరు తీసేశాడు. కారణం దగ్గర ఏం రాయాలో తోచక 'చిన్న సవరణ' అని రాసి రివ్యూకి పంపాడు. సాయంత్రానికి అది వెనక్కి వచ్చింది.

'ఏ లైను, ఏ మాట, ఎందుకు? పేరు అక్కడే ఉంటుంది. – పిన్ని.'

"తీసేశావా?" అడిగాడు చీఫ్.

"రివ్యూలో ఆగింది సార్."