వార్నింగ్ రాని పోర్టింగ్

"మీ తమ్ముడే," అన్నాడు చీఫ్ సంజీవరావు, ఫోటోను బల్ల మీద ముందుకు తోస్తూ. "అందుకే నిన్ను పంపుతున్నా. నువ్వైతే దగ్గరికి రానిస్తాడు."

ఏజెంట్ జెస్సీ ఫోటో ముట్టుకోలేదు. కొమరోలు వీధుల్లో చంకనెత్తుకు తిప్పిన ప్రవీణ్‌ను ఫోటోలో చూడాల్సిన ఖర్మ ఆమెకు లేదు.

బ్రీఫింగ్ పొట్టిగా సాగింది. కొండల్లోని ఒక రిజర్వాయర్ గేట్ల కంప్యూటర్‌లో విదేశీ ముఠా ఏనాడో మాడ్యూల్ అనే దొంగ ప్రోగ్రామ్ ముక్కను దూర్చింది. ఈమధ్య కంప్యూటర్‌కు కొత్త కెర్నెల్, అంటే దాన్ని నడిపే మూల ప్రోగ్రామ్, వేశారు. పాత మాడ్యూల్ అందులో లోడ్ కావడం లేదు. దాన్ని తిరగరాసి కొత్త కెర్నెల్‌కు పోర్ట్ చేయడానికి ముఠాకు ప్రవీణ్ దొరికాడు. ఎత్తుకుపోయారో, తానే అమ్ముడుపోయాడో తెలియదు.

"లోడ్ అయితే టైమర్ మొదలవుతుంది. అది మోగితే గేట్లు లేస్తాయి, కింద ఊళ్లు కొట్టుకుపోతాయి. లోడ్ చేశాడంటే ద్రోహే. కాల్చెయ్. ముఠా లోపల మన ఏజెంట్ గోపిక ఉంది. కోడ్ వర్డ్ బలపం."

"వాడు చిన్నోడు సార్."

"ఆ ఊళ్లలోనూ ఉన్నారు చిన్నవాళ్లు."

మర్నాడు మధ్యాహ్నం ముఠా దాగిన మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి కూలీ వేషంలో వెళ్లింది జెస్సీ. చెవికమ్మలో బుల్లి వైర్‌లెస్, అన్నం క్యారియర్ అడుగున పిస్టల్. అంత రాతిదుమ్ములోనూ నలగని పట్టుచీరలో, నల్ల కళ్లజోడుతో గోపిక ఎదురొచ్చింది. అక్కడామె ఓనరమ్మ.

"బలపం ఉందా అమ్మా?"

"మెత్తంది లేదు. లోపలికి రా."

వెనక గదిలో ల్యాప్‌టాప్ ముందు ప్రవీణ్. పెదవి చిట్లి ఉంది. తెరమీద టైమర్ పరుగెత్తుతోంది.

"ఏం చేసినావురా?"

వాడు అక్కను చూశాడు, గోపికను చూశాడు. "లోడ్ అయింది అక్కా. అంత పాత కోడు, ఒక్క వార్నింగన్నా రాలేదు. ఒక్కటి గూడా!"

ఆ గొప్పలకు జెస్సీ ఒళ్లు మండిపోయింది.

"ఆపు దాన్ని!"

"ఆపను. మోగనీ." ప్రవీణ్ ల్యాప్‌టాప్‌కు అడ్డంపడ్డాడు.

"ఆర్డర్ గుర్తుంది గదా? ఇంకేంది చూస్తావు?" అంది గోపిక.

జెస్సీ కాల్చింది.

టైమర్ మోగింది. తెర నిండా పిచ్చి అక్షరాలు. ఆ పైన కెర్నెల్ పానిక్. గేట్ల కంప్యూటర్ చచ్చింది. గేట్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

గోపిక మొహం మాడిపోయింది. "గేట్లు లేయలేదేంది! వీణ్ణి అప్పుడే ఎందుకు చంపించినాను? ఇప్పుడెవరు బాగుచేస్తారు?"

అన్నాక నాలుక కరుచుకుంది. జెస్సీ ఆమెను కాల్చింది. ఈసారి ఆర్డర్ ఎవరూ ఇవ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఇంట్లో అన్నం తింటూ ప్రవీణ్ చెప్పాడు, ఆమె వింటున్నట్టు నటించింది. "పాత కోడును కొత్త కెర్నెల్‌కు ఎక్కిస్తాంటే దాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ వార్నింగులతో మొత్తుకోవాల అక్కా. అసలే రాలేదంటే ఎవరో దాని నోరు నొక్కి, తప్పులు అట్లనే ఉంచినట్టే. అట్లాంటిది లోడ్ అవుతాది, టైమర్ మోగంగనే కూలుతాది."

నాయనకేం చెప్పాలి? జెస్సీ వాడి తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. చెవికమ్మలో సంజీవరావు గొంతు ఉత్సాహంగా పలికింది.

"గేట్లు మూసే ఉన్నాయి. శభాష్! ఎవరు ఆపారు?"

"కాల్చమన్నారే, వాడు సార్."