చుక్క విన్న మాట

కోర్టుకు బయల్దేరిన వకీలు గారు సాక్సు తొడిగిన కాలు నేరుగా మడుగులో వేశారు. ఇల్లంతా పొడిగా ఉండగా ఆయన కాలు పెట్టే చోటే తడి ఎందుకుంటుందో ఆ కుక్కపిల్లకే తెలియాలి.

"అమ్మా, ఇక నావల్ల కాదు. సాయంత్రం దీన్ని తెచ్చిన చోటే దింపేసి వస్తాను."

తల్లి గుడ్డ పట్టుకుని వచ్చింది. ఆమె వెనకే తోక ఊపుకుంటూ ముద్దాయి కూడా వచ్చింది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని దానికి చుక్క అని పేరు పెట్టింది ఆమే. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమె అడిగి సాధించుకున్నది అదొక్కటే. రోజూ పొద్దున్నే దాన్ని గేటు బయట గడ్డి మీద నిలబెట్టి, "ఊఁ, కానీ... కానీ తల్లీ" అని బతిమాలేది. పనయ్యాక ఒక బిస్కెట్ ముక్క పెట్టేది. అక్కడ చుక్క ఏనాడూ ఆమె మాట కాదనలేదు.

"పగలంతా బుద్ధిగానే ఉంటుందిరా. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే ఇలా చేస్తోంది."

"అంటే తప్పు నాదా?"

కోడలు కుట్టుమిషన్ ఆపింది. "అత్తయ్య చెప్పేది నిజమేనండీ. నేనూ చూస్తున్నాగా."

"నిజమే కావచ్చు. కానీ..."

చుక్క ఉన్నచోటే వంగింది. కుర్చీ కాలి పక్కన ఇంకో మడుగు తయారైంది.

"చూశారుగా," అన్నాడు కొడుకు, కేసు గెలిచినట్టు.

తల్లి గుడ్డ కింద పడేసింది. ఎన్నాళ్ళనుంచో లోపల కుతకుతలాడుతున్నది ఆ పూట పొంగింది.

"నీతో వాదించి గెలిచేదెవరు? వీధి గదిలో ఉంటాను, నలుగురూ కనబడతారు అన్నాను. సరేనమ్మా, కానీ నా ఫైళ్ళెక్కడ పెట్టను అన్నావు. పిన్ని దగ్గర కొన్నాళ్ళు ఉండొస్తానన్నాను. వెళ్ళమ్మా, కానీ ఇక్కడెలా అన్నావు. నువ్వు కాదనవు. మంచివాడివే. అన్నిటికీ సరేనని, చివర ఒక కానీ తగిలిస్తావు. నేనడిగిందంతా అందులోనే కొట్టుకుపోతుంది."

"అత్తయ్యా, కాస్త ఆగండి. దీన్ని చూడండి."

ముగ్గురూ చుక్క వైపు చూశారు. అది వంగుతోంది, లేస్తోంది, మళ్ళీ వంగుతోంది. ఇంక రావడానికి ఏమీ లేక, బిక్కమొహం వేసుకుని పెద్దావిడ వైపు చూస్తోంది.

కోడలు మెల్లగా, "కానీ," అంది. చుక్క వినయంగా వంగి, బిస్కెట్ల డబ్బా వైపు చూసింది.

"గడ్డి మీద మీరు దీనికి చెప్పే మాట అదే కదా అత్తయ్యా. ఇంట్లో మనిద్దరికీ ఆ మాటతో పనే పడదు. ఈయన ఇంట్లో అడుగుపెడితే చాలు, మొదలవుతుంది."

తల్లి నేలమీద చతికిలబడి చుక్కను ఒళ్ళోకి తీసుకుంది. దాన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"చెప్పిన మాట విన్నందుకు దీన్ని తిట్టాన్రా. ఈ ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే. దీన్నే వెళ్ళగొడతానంటున్నావు."

కొడుక్కి నవ్వొచ్చింది. తల్లి మొహం చూసేసరికి ఆ నవ్వు కాస్తా చచ్చిపోయింది.

"నువ్వన్నది నిజమేనమ్మా," అని, ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. భార్య చూస్తోంది. తల్లి చూస్తోంది. చుక్క చెవులు నిక్కించి, సిద్ధంగా ఉంది.

నోరు మూసుకున్నాడు. తడి సాక్సు తీసేసి, వీధి గదిలోకి వెళ్ళి, ఫైళ్ళ కట్ట ఎత్తుకుని బయటికొచ్చాడు.

"ఇవెక్కడ పెట్టను?"

"మన మంచం కింద," అంది భార్య.

గది ఖాళీ అయ్యేదాకా అతను ఇంకో మాట మాట్లాడలేదు. తల్లి కళ్ళు తుడుచుకుని, డబ్బా తీసి, ఒక బిస్కెట్‌ను రెండు ముక్కలు చేసింది. ఒకటి చుక్క నోటికి అందించి, రెండోది కొడుకు చేతిలో పెట్టింది.