నాలుగోసారి తొలి పార

మా ఊరి నడిబొడ్డున, నది ఒడ్డున, పాత బీరు ఫ్యాక్టరీ జాగా ఒకటుంది. పగలు దాన్నెవరూ పట్టించుకోరు. చీకటి పడ్డాక మాత్రం ఆ కంచె వెంబడి నడిచేవాళ్ళు రోడ్డు దాటి అవతలి వైపుకి పోతారు. తాగినవాళ్ళు కూడా దాటుతారు. నిజం చెప్పాలంటే తాగినవాళ్ళే ఇంకాస్త జాగ్రత్తగా దాటుతారు.

ఎందుకని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు. "అక్కడ... ఆమె ఉంది," అంటారు, అంతే.

ఫ్యాక్టరీ మూతపడ్డాక అక్కడ ఐదువేల మంది పట్టే హాలు కడతామన్నారు. పాటకచేరీలు, నాటకాలు, పెద్ద పెద్ద సభలు, అన్నీ అందులోనే. ఆ మాట అని పదకొండేళ్ళయింది. కంచె మీద హాలు బొమ్మ వేశారు. బొమ్మలో బెలూను పట్టుకుని నవ్వే పిల్ల వానకి నాని నాని, కళ్ళూ ముక్కూ చెరిగిపోయి, నవ్వొక్కటే మిగిలింది.

హాలు రాలేదు గానీ మంత్రులు వచ్చారు. ఇక్కడ ఏది కట్టాలన్నా ముందు ఓ పెద్దమనిషి మెరిసే పారతో పచ్చగడ్డి పెళ్ళ ఒకటి తిరగేస్తాడు. తొలి పార అంటారు దాన్ని. ఆ హాలుకి తొలి పార మూడుసార్లు పడింది, ముగ్గురు మంత్రుల చేత. మొదటిసారి బ్యాంకు వెనక్కి తగ్గింది. రెండోసారి కాంట్రాక్టరు మునిగాడు. మూడోసారి ఆ పాత గోడల్లో గబ్బిలాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాకే కదలాలన్నారు. గబ్బిలాలు ఒకచోట నిలవవు కదా, లెక్క ఇంకా తేలలేదు.

ఇవన్నీ పత్రికల మాటలు. ఊరి మాట వేరు. తొలి పార పడబోయే ముందు రాత్రి... ప్రతిసారీ... ఆ జాగాలో తెల్లబట్టల ఆడమనిషి ఒకతె కూర్చుని ఏడుస్తుంది. ఏడుస్తూ తల దువ్వుకుంటుంది. మా దేశంలో ఆమెని ఎరగని పిల్లలు లేరు. ఆమె ఏ ఇంటి ముందు ఏడిస్తే ఆ ఇంట్లో చావు తప్పదు. ఇక్కడ ఇల్లు లేదు కాబట్టి చచ్చేది హాలే అని జనం తేల్చేశారు.

ఆమెని చూసిన మొదటి వాచ్‌మన్ గోడ దూకి పారిపోయాడు, ఒక బూటు అక్కడే వదిలేసి. రెండోవాడు పల్లెలో ఉన్న అక్క దగ్గరికి పోయి, రావలసిన జీతం కోసం కూడా తిరిగి రాలేదు. మూడోవాడు డెనీ కోటర్.

డెనీకి అరవై మూడేళ్ళు. అదే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పీపాలు దొర్లించాడు. ఎలుకలన్నా దొంగలన్నా అతనికి లెక్క లేదు. ఆమె అంటే మాత్రం ఉంది. వాళ్ళ నాయనమ్మ ఒకసారి ఆ ఏడుపు విని, తెల్లారేసరికి మొగుణ్ణి పోగొట్టుకుంది. అయితే డెనీ అదృష్టం, చేరిన పద్నాలుగు నెలల్లో ఏ మంత్రీ ఆ వైపు చూడలేదు. మంత్రి రాకపోతే ఆమె రాదు. అతనికి ప్రభుత్వం మీద అంత నమ్మకం మునుపెప్పుడూ కుదరలేదు.

ఆ నమ్మకం నవంబరులో పోయింది. గురువారం పదకొండింటికి కొత్త మంత్రి వస్తున్నాడు, నాలుగోసారి తొలి పార వెయ్యడానికి. అంటే బుధవారం రాత్రి...

డెనీకి భయం ఒకటే ఉంటే సెలవు పెట్టేసేవాడు. కానీ ఇంట్లో భార్య పెగ్ ఉంది, ఆమె పాట ఉంది.

హాలు ప్రారంభం రోజున పాడాలని పెగ్ ఉన్న బృందానికి ఒక పాట కట్టిచ్చారు. ఆ పాటలో ఒంటి గొంతుతో పాడే భాగం ఆమెది. పాట కట్టిన మాస్టారు పోతూపోతూ ఆమె చెయ్యి పట్టుకుని, ఇది ఆ హాల్లో తప్ప బయట పాడొద్దని మాట తీసుకున్నాడు. ముప్ఫై నలుగురితో మొదలైన బృందం ఇప్పుడు ఇరవై ఒక్కరు. తొలి పార పడ్డ ప్రతిసారీ కార్పొరేషన్ వాళ్ళు వచ్చి పాడమన్నారు. ప్రతిసారీ పెగ్ ఒకటే జవాబు చెప్పింది. గుంతకి పాడను, హాలుకి పాడతాను. మాస్టారికిచ్చిన మాట కోసం మొండికేసి, కట్టుకున్న మొగుడికి కూడా ఆ పాట వినిపించలేదు.

ఇన్నాళ్ళూ అది ముచ్చటగానే ఉండేది. ఈ వసంతంలో డాక్టరు ఆమె ఊపిరితిత్తుల ఫోటో వెలుతుర్లో పెట్టి చూపించి, పాడాలనుకున్నవి ఈ ఏడాదే పాడేసుకోమన్నాడు. పెగ్ ఇంటికొచ్చి, వాళ్ళు నిజంగా మొదలుపెడితే రెండేళ్ళు ఎలాగైనా ఆగుతాను అంది. మొదలుపెడతారో లేదో... అదొక్కటే తెలియాలి.

బుధవారం సాయంత్రం అతని ఫ్లాస్కులో టీ పోస్తూ అంది:

"ఆమె కనిపిస్తే నాకు చెప్పు. దాచకు."

"కనిపిస్తే చెప్పడానికి నేనుంటానా?"

"ఉంటావులే. నిన్ను తీసుకుపోయి ఆమె మాత్రం ఏం చేసుకుంటుంది?"

ఆ రాత్రి వాన లేదు. మా ఊళ్ళో అదే ఒక అపశకునం.

నదిలో నీళ్ళు వెనక్కి తీసి, బురద వాసన కొడుతోంది. గేటుకి తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, డెనీ తన చెక్క గదిలో హీటరు ముందు కూర్చున్నాడు. పన్నెండయింది. ఒంటిగంటయింది. చర్చి గడియారం రెండు కొట్టింది... రెండో గంట మోత ఇంకా ఆగలేదు —

కీ...ఈ...ఈ...

సన్నగా, సాగదీసి, గొంతు పట్టేసినట్టు. ఆగింది.

గాలి, అనుకున్నాడు డెనీ. కిటికీ అవతల చెట్టు ఆకైనా కదలడం లేదు.

కీ...ఈ...ఈ... ఈసారి దగ్గరగా. నది వైపు నుంచి.

సిలువ గుర్తు వేసుకున్నాడు. మేరీమాతని తలుచుకున్నాడు. తలుపు గడియ పెట్టుకుని తెల్లారేదాకా కదలకుండా ఉంటే అడిగేవాడు లేడు. ఆ జీతానికి అంతకంటే ఎక్కువ ధైర్యం ఎవరూ ఇవ్వరు. కానీ పొద్దున్నే పెగ్ అడుగుతుంది. చూడలేదని చెప్తే అబద్ధం కాకపోవచ్చు, నిజం మాత్రం కాదు. టార్చి తీసుకుని బయటికొచ్చాడు.

వెలుతురు చేత్తో మూసి, గోడ నీడలోనే నడిచాడు. పీపాల షెడ్డు కూలిన చోట ఆగాడు. ఏడుపు ఆగింది. ఇప్పుడు ఇంకో చప్పుడు...

కర్ర్... కర్ర్... కర్ర్...

దువ్వెన.

షెడ్డు అవతల, నేల మీద చిన్న దీపం. దాని పక్కన మోకాళ్ళ మీద ఓ ఆడమనిషి. ఒళ్ళంతా తెలుపు. తల మీద ముసుగు. అటు తిరిగి ఉంది. చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతోంది, ఆ చేతి చివర పొడుగ్గా, ఇనపపళ్ళు... ఆమె దువ్వుతున్నది తల కాదు. నేలని.

దువ్వి, అరచేత్తో మెల్లగా తట్టింది.

"పడుకో... పడుకో తల్లీ..." అంది గుసగుసగా. "ఒక్క పూట... సర్దుకో..."

మట్టి కింద ఎవరినో జోకొడుతున్నట్టే ఉంది. డెనీ చేతిలోంచి టార్చి జారి రాయి మీద పడింది.

చెయ్యి ఆగిపోయింది. ముసుగు... నెమ్మదిగా... ఇటు తిరిగింది.

పరిగెత్తడానికి అతని కాళ్ళు అతని మాట వినలేదు. నోరు వింది. నాయనమ్మ నేర్పిన మాట ఒక్కటే వచ్చింది.

"అమ్మా... ఎవరి కోసం వచ్చావు?"

"మంత్రిగారి కోసం," అందామె.

అంత భయంలోనూ డెనీ మనసుకి కాస్త నిమ్మళం కలిగిన మాట నిజం. అలాంటివాళ్ళు ఒకరిద్దరు పోతే ఫరవాలేదని అతను చాన్నాళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు.

ఆమె ముసుగు వెనక్కి తోసింది. కళ్ళజోడు. చలికి ఎర్రబడ్డ ముక్కు. తెల్ల వానకోటు మీద, మెడలో, కార్పొరేషన్ వాళ్ళ గుర్తింపు కార్డు. పేరు గొబ్నట్ ట్వోమీ, వేడుకల శాఖ.

"మీరు కొత్త వాచ్‌మనా? కూర్చోండి, కూర్చోండి. పడిపోయేట్టున్నారు," అందామె. "మీ ముందు పనిచేసినవాళ్ళలో ఒకాయన నన్ను చూడగానే గోడ దూకాడు. ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు నాకు."

డెనీ ఒక ఇటుక మీద కూలబడ్డాడు. ఆమె పనిచేసుకుంటూనే చెప్పుకొచ్చింది. ఈ జాగా అంతా సిమెంటు, పార దిగదు. అందుకని మొదటిసారి నాలుగడుగుల మేర సిమెంటు పగలగొట్టించి, మట్టి పోసి, గడ్డి పరిచింది తనే. మంత్రి తవ్వాడు, ఫోటోలు తీశారు, అందరూ వెళ్ళిపోయారు, గుంత మిగిలింది. రెండో మంత్రి రాబోయే ముందు ఎవడో ఆ గుంతలో మొలిచిన పిచ్చిమొక్కని ఫోటో తీసి పత్రికలో వేశాడు. పై నుంచి అక్షింతలు పడ్డాయి. అప్పట్నుంచి ఇదే పద్ధతి. ముందటి మంత్రి గుంత కొత్త మంత్రి కంటబడకూడదు. ముందు రోజు రాత్రి పూడ్చెయ్యాలి, పైన కొత్త గడ్డి పరవాలి, ఎప్పటినుంచో అక్కడే పెరిగినట్టు ఈ ఇనపపళ్ళ దంతెతో దువ్వాలి. తొలి పార ఎన్నిసార్లు పడ్డా తొలిదే కావాలి కదా.

"మరి ఆ ఏడుపు?" అన్నాడు డెనీ.

ఆమె పక్కనున్న ఒంటిచక్రం తోపుడుబండిని కాలితో కదిపింది. కీ...ఈ...ఈ... అంది అది. ఇరుసుకి నూనె కావాలని మూడుసార్లు రాశాననీ, ఆ కాగితం ఇంకా సంతకం కోసం తిరుగుతోందనీ చెప్పింది.

డెనీకి నవ్వొచ్చింది. పడీపడీ నవ్వాడు. పాపం ఒక్కతే చేసుకుంటోందని లేచి, బండిలోంచి గడ్డి చుట్ట ఒకటి ఎత్తి అందించబోయాడు. చుట్టకి చిన్న చీటీ కట్టి ఉంది. దీపం దగ్గరికి పెట్టి చూశాడు. పన్నెండింటిలో నాలుగోది, అని ఉంది.

"ఇదేంటమ్మా?"

"ప్రతిసారీ గడ్డి కోసం కొత్తగా టెండరు పిలవాలంటే ఆలస్యమవుతోందని, పన్నెండుసార్లకీ ఒకేసారి ఒప్పందం రాసేసుకున్నాం." ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "మా శాఖ పని ఇంతవరకూ ఒక్కరోజు ఆలస్యం కాలేదండీ."

"మరి హాలు కట్టడానికో?"

"అది వేరే శాఖ."

ఆమె దంతె పక్కన పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఆ శాఖకి నేను ఫోన్ చేస్తుంటాను... పదకొండేళ్ళుగా. మోగుతుంది. ఎవరో ఎత్తుతారు... ఊపిరి కూడా వినిపిస్తుంది... మాట్లాడరు."

ఆ రాత్రి డెనీకి నిజంగా ఒళ్ళు జలదరించింది అప్పుడే.

ఆరింటికి ఇంటికి బయల్దేరాడు. వంతెన దాటేలోపు ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు, మెట్లెక్కేలోపు దాన్ని నున్నగా దిద్దుకున్నాడు కూడా. పెగ్ వంటింట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. రాత్రంతా పడుకోలేదని ముఖమే చెబుతోంది.

"చూశావా?"

ఆ ముఖం చూశాక నున్నగా దిద్దుకున్నదంతా పోయింది.

"చూశాను," అన్నాడు. "ఆమె దెయ్యం కాదు. మనిషే. అదే బాధ." ఉన్నదంతా చెప్పాడు. గడ్డి చుట్టలు ఇంకా ఎనిమిది ఉన్నాయని కూడా చెప్పాడు.

పెగ్ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక టీ తాగకుండా కప్పు వైపు చూస్తూ కూర్చుంది. తన బతుకులో దొర్లించిన ఏ పీపాకీ లేనంత బరువు ఆ కొద్ది నిమిషాల్లో తన మీద పడ్డట్టయింది డెనీకి. చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాడు.

"బీరువాలో ఆకుపచ్చ గౌను ఉంది, తియ్యి," అంది చివరికి. తర్వాత ఫోన్ అందుకుని, బృందంలో మిగిలినవాళ్ళని ఒక్కొక్కరినీ నిద్ర లేపడం మొదలుపెట్టింది.

పదకొండింటికి మంత్రి వచ్చాడు, వానని కూడా వెంటపెట్టుకుని. నగర చరిత్రలో మొట్టమొదటిసారి అని మొదలుపెట్టి చాలా మాట్లాడాడు. మెరిసే పారకి రిబ్బను కొత్తది. గడ్డి పెళ్ళ ఒక్క పోటుకే బుద్ధిగా లేచి వచ్చింది. తెల్లవారుజామున తను కూడా ఓ చెయ్యి వేసిన పని కాబట్టి డెనీకి ఆ పెళ్ళని చూస్తే కాస్త ముచ్చటేసింది.

అప్పుడు ఇరవై ఒక్కమంది ముసలీముతకా గొడుగులు మూసి ముందుకొచ్చారు. పెగ్ గొబ్నట్ దగ్గరికి పోయి, హాల్లో వేదిక ఎక్కడొస్తుందని అడిగింది. గొబ్నట్ సంచిలోంచి ప్లాను తీసి, తిప్పి, మళ్ళీ తిప్పి, గుంతకి పది అడుగుల అవతల ఒక వాననీటి మడుగు చూపించింది. పెగ్ తిన్నగా పోయి అందులో నిలబడింది. మాస్టారికిచ్చిన మాట అలా దక్కింది.

పాడింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు అదని డెనీ ఎరగడు. కెమెరాల వాళ్ళు కెమెరాలు దించారు. కంచె అవతల బస్సు ఒకటి ఆగిపోయింది. చివరి వరస పొడుగ్గా సాగింది, సగంలో ఆమె భుజాలు వణికాయి, డెనీ తన ఊపిరి బిగబట్టాడు, తనది కూడా ఆమెకి పోతుందేమో అన్నట్టు. ఆ వరస తెగలేదు. పూర్తయ్యాక వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. డెనీ ఏడ్చాడు, దాచుకోలేదు.

పెగ్ పాట కాగితం నాలుగు మడతలు పెట్టి, గుంత పక్కగా నడిచొచ్చి, మంత్రి చేతిలో పెట్టింది.

"ప్రారంభోత్సవం అయిపోయింది బాబూ," అంది. "ఇంక మీరు తీరుబడిగా కట్టుకోండి."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మంత్రే.