బక్క జత

ఉదయం పదిన్నరకు లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే, జన్యుశాస్త్రవేత్త శవం బయటికి ఒరిగింది. మెడ మీద సూది గుర్తు.

పన్నెండింటికి గూఢచారి విభాగం చీఫ్ తన ఏజెంట్‌ను పిలిపించాడు.

"ఇరవై తరాలు ఎలుకల్ని జతకట్టించి, ఊబకాయం తెచ్చే జీన్‌ను పట్టుకున్నాడాయన. ఇప్పుడు విదేశీ ముఠా ఆ ఎలుకల కోసం దిగింది."

"వాళ్లకెందుకు సార్?"

"ఆ జీన్‌ను అణచివేస్తే మందు. రెచ్చగొడితే ఆయుధం. ఏడాదిలో ఒక సైన్యం మొత్తం మెట్లెక్కలేక చతికిలబడుతుంది. అసలు జత బక్కగానే ఉంటుంది. వాటికి పుట్టే పిల్లల్లోనే లావు బయటపడుతుంది. ఆ జత ఏ బోనులో ఉందో ఈ చీటీలో ఉంది, ఇక అది మనిద్దరికే తెలుసు. వెళ్లి దాన్ని బయటికి తీసుకురా. లోపల మన మనిషి, పశువుల డాక్టరమ్మ, నీకు సాయం చేస్తుంది."

మర్నాడు ఏజెంట్ బోనులు కడిగే పనివాడి వేషంలో ఆయన ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. అందరికీ మాస్కులు, టోపీలు. కనిపించేవి కళ్లే. వాటిలో హంతకుడి కళ్లేవి?

కాటుక కళ్లు దగ్గరికొచ్చాయి. "తోక ఎంత పొడుగు?"

"ఒంటికి తగినంత."

కోడ్ సరిపోయింది. హమ్మయ్య అనుకుని అరల వైపు తిరిగాడు. మెడకు చల్లగా సూది తగిలింది.

"ఏ బోనో చెప్పు," అంది డాక్టరమ్మ మెత్తగా. "నిన్న ఆయన చెప్పలేదు."

వాచీలోని బటన్ నొక్కాడు. గార్డులు రావడానికి నలభై సెకన్లు. వేలితో బంతుల్లా ఉన్న రెండు ఎలుకల్ని చూపించాడు.

ఆమె ఎడమచేత్తో బోను అందుకుంది. "థాంక్స్." బొటనవేలు సిరంజి మీద బిగిసింది.

ఏజెంట్ మోచేత్తో బోనును ఒక్క పోటు పొడిచాడు. మూత ఊడి ఎలుకలు నేలమీద పడ్డాయి. "అయ్యో, నా ఎలుకలు!" ఆమె సిరంజి వదిలేసి, రెండు చేతులూ చాచి బల్ల కిందికి దూరింది.

గార్డులు ఆమెను అక్కడే పట్టుకున్నారు. గుప్పిళ్లలో చెరో ఎలుక.

"వాటిలో ఆ జీన్ లేదు మేడమ్," అన్నాడు ఏజెంట్. "కొవ్వు మేత మెక్కి బలిసినవి."

ఫోన్ మోగింది. చీఫ్.

"భయపడ్డావా?"

"అబ్బే, లేదు సార్. కాకపోతే ఎవరైనా వచ్చి నన్ను లేపి నిలబెట్టాలి."