అమ్మగారు ఒక పాట పాడతారు

“ఏటయింది సూసన్నా? చర్చి దగ్గర్నించి ఒక్క మాటా నేదు.”

రిక్షాలో నా పక్కన కూర్చున్న మా ఆయన లూకా అడిగారు. నేను అవతల పోతున్న సైకిళ్ళను చూస్తూ కూర్చున్నాను.

“తలనొప్పా?”

“కాదు. కోపం.”

ఆయన నవ్వారు. నాకు కోపం రావడం ఆయనకు కొత్త. పెళ్ళయిన నెలకే నేను ఆయనతో జాంబియా వెళ్ళాను. అక్కడ ఒక రాగి గనుల ఊళ్ళో మూడేళ్ళు మిషనరీలుగా ఉండి, ఎనభై ఎనిమిది వేసవిలో సెలవు మీద ఖరగ్‌పూర్‌లోని అత్తవారింటికి వచ్చాం. ఆ ఉదయం మా తెలుగు చర్చిలో ఆయన అక్కడి సేవ గురించి రిపోర్టు చెప్పారు. అంతకు ముందు సంఘపెద్ద సమూయేలు గారు లేచి, “అమ్మగారు ఒక పాట పాడతారు” అన్నారు. పాడాను. నా పని అయిపోయింది.

తరవాత ఆయన మొదలుపెట్టారు. “రేకుల షెడ్డులో సండే స్కూలు పెట్టినాను. వాన పడితే రేకుల చప్పుడుకి మాట వినబడదు. అప్పుడు కథంతా సైగలతోనే చెప్పినాను. పిల్లలు పడీ పడీ నవ్వేవారు.”

చర్చి అంతా హల్లెలూయ అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రతి ఆదివారం ఆయన జీపు వేసుకుని పక్క ఊళ్ళకు పోయేవారు. ఆ షెడ్డులో ఉన్నది నేను. బైబిలు కథలో యోనాను మింగిన చేపలా కొంగు చాపి ఎగిరింది నేను. రాత్రి అన్నాల దగ్గర ఆ కబుర్లు చెబితే ఆయన నవ్వుతూ వినేవారు. ఆ నవ్వు కోసమే చెప్పేదాన్ని. అవి ఆయన రిపోర్టు అవుతాయని అనుకోలేదు.

“ఆ సైగలు చేసింది ఎవరండీ?” అన్నాను.

“ఓ, అదా! మనిద్దరం వేరా ఏటి? ఎవరు చేసినా ఒకటే కదా.”

“ఒకటే అయితే ఈ రాత్రి అంట్లు మీరు తోమండి.”

రిక్షా తొక్కే బెంగాలీ దాదా కిసుక్కున నవ్వాడు. తెలుగు తెలిసినవాడే.

నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్‌లో మా ఇంటి ముందు దిగాక అసలు మాట చెప్పాను. “జూన్‌కి జాంబియా టిక్కెట్టు ఒక్కటే తీయండి. నేను అత్త దగ్గరే ఉండిపోతాను.”

ఆయన ముఖంలో నవ్వు పోయింది.

వారమంతా నా చుట్టూ తిరిగారు. మల్లెపూలు తెస్తే తీసుకుని అత్తకిచ్చాను. నిజంగానే అంట్లు కూడా తోమారు. అత్త జ్ఞానరత్నం ఒక గిన్నె ఎత్తి చూసింది.

“పైన మెరుస్తంది, లోన జిడ్డు వదలనేదు. నీ రిపోర్టూ అలాగే ఉందిరా.”

ఆయన నా దగ్గరికి వచ్చి, “సారీ చెప్పినాను కదా సూసన్నా” అన్నారు.

“నాకు చెప్పినారు. అబద్ధం చెప్పింది సంఘానికి.”



మరుసటి ఆదివారం సాయంత్రం ఝపటాపూర్‌లో మా సంఘంవాళ్ళ ప్రార్థన కూడిక. సమూయేలు గారు మళ్ళీ అదే మాట అన్నారు. “అమ్మగారు ఒక పాట పాడతారు.”

నేను లేవలేదు. అందరూ నా వైపు తిరిగారు.

“పాట నేను పాడతాను,” అంటూ మా ఆయన లేచారు.

ఆయన గొంతు గురించి నేను చెప్పకూడదు. హార్మోనియం ఒక దారి, ఆయన ఒక దారి. రెండో చరణానికి పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. అత్త ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన పాట ఆపి చెమట తుడుచుకున్నారు. “పోయిన వారం నేను చెప్పుకున్న పిల్లల సేవ నాది కాదు. అది నా భార్య చేసింది. ఒక్క ఆదివారమైనా నేనా షెడ్డులోకి తొంగి చూడనేదు. రిపోర్టు ఆవిడే చెప్తాది.”

సమూయేలు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ఆడవాళ్ళు పుల్పిట్ ఎక్కి ప్రసంగించడం మన ఆచారం కాదు బాబూ.”

“ఎక్కదులెండి,” అంది అత్త. “కిందే నిలబడి చెప్తాది. ఇన్నాళ్ళూ చేసిందీ కిందే కదా.”

లేచి నిలబడ్డాను. నవ్వించే కబుర్లేవీ చెప్పలేదు. మొదట్లో ఒక్క పిల్లా రాలేదని చెప్పాను. నా చీర చూసి పారిపోయేవారని, ఖాళీ చాపల ముందు పాట పాడి, షెడ్డుకు తాళం వేసుకుని, ఇంటికి పోయి ఏడ్చేదాన్నని చెప్పాను. ఒకరోజు వానకు తడవలేక ఇద్దరు లోపలికి దూరారు. మాట వినబడక సైగ చేశాను. అలా మొదలయింది.

మా ఆయన పిల్లల మధ్య చాప మీద కూర్చుని, తల వంచుకుని విన్నారు.

కూడిక అయ్యాక, సైకిలు నడిపిస్తూ నా పక్కన ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ఆయన అడిగారు. “ఆ ఏడుపు సంగతి నాకెప్పుడూ చెప్పనేదేం?”

“నవ్వొచ్చేవైతేనే కదా మీరు వినేది.”

ఆయన సైకిలు ఆపారు. మెల్లగా అన్నారు. “నువ్వు రాకపోతే మిషన్ వాళ్ళు ఇంకో టీచర్ని ఇస్తారంట. నాకు టీచరెందుకు? ఎదురుగా కూర్చుని అన్నం తినడానికి నువ్వు కావాలి సూసన్నా.”

నేను చీకట్లోనే నవ్వుకున్నాను.

“కోపం తగ్గిందా?”

“సగం.”

“మిగతా సగం?”

“అది ఇక్కడ తగ్గదు. జాంబియాలో ఒక ఆదివారం జీపు ఆపి, షెడ్డులోకొచ్చి కూర్చోండి. అప్పుడు చూద్దాం.”